కుడికాలి ఎముకకు వచ్చిన తొందర

ధారాళంగా దానం చేసేవాణ్ణి చేతికి ఎముక లేదంటాం. బక్కచిక్కినవాణ్ణి ఎముకల గూడంటాం. మాఘమాసపు తెల్లవారుజామును ఎముకలు కొరికే చలి అంటాం. పోయినవారి అస్థికలు ఏరి తెచ్చి మా ఊరి రేవులో గోదావరిలో కలుపుతాం. మన పలుకుబడిలో ఎముక గట్టిది, కదలనిది, అన్నీ పోయాక కూడా మిగిలేది. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా ఈ నుడికారాలన్నిటినీ పిల్లలచేత సొంతవాక్యాలలో ప్రయోగింపజేసినవాణ్ణి. బతికున్న మనిషిలో ఎముక ఎంత చంచలమైనదో తెలుసుకునే అగత్యం మాత్రం నాకు అరవై మూడో ఏట కలిగింది.

నా పద్యాల టపాలకు అలవాటుపడిన మిత్రులు మన్నించాలి. ఈసారి ఛందస్సు లేదు. నాకొక జబ్బు చేసింది. దాని పేరు తెలియడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పేరు తెలిశాక మందు ఎక్కడానికి పట్టినది అరగంట. ఆ పద్నాలుగు నెలలలో మా ఇంట్లో జరిగినదంతా ఒక అంకెను ఎలా చదవాలన్న దానిమీదే నడిచింది కనుక, ఆ చదువు కొంత మీతో పంచుకోదలిచాను.

ముందు ఎముక సంగతి. గోదావరి తీరంవారికి దీన్ని చెప్పడం తేలిక. ధవళేశ్వరం దిగువన నది పాయలుగా చీలిన తరువాత ఆ పాయల నడుమ ఉన్న లంక భూములు చూసినవారికి తెలుసు: ఒక కొసన ఏరు ఒడ్డును కోసుకుపోతుంది, మరొక కొసన మేట వేస్తుంది. ఏటేటా ఈ కోతా మేటా సాగుతూనే ఉన్నా లంక పేరు మారదు, రెవెన్యూ లెక్కల్లో అది అదే ఊరు. మన ఎముకలోనూ ఇదే జరుగుతుందట. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కరిగించి చిన్న గుంట చేస్తాయి. ఆ గుంటలోకి ఆస్టియోబ్లాస్టులనే మరోరకం కణాలు దిగి కొత్త ఎముకను పొరలు పొరలుగా పేర్చి పూడుస్తాయి. వీటిని నేను కోత కణాలు, మేట కణాలు అని పిలుచుకుంటున్నాను; పారిభాషిక పదకర్తలు క్షమింతురు గాక. కోతకు రెండు మూడు వారాలు చాలు, మేటకు మూడు నాలుగు నెలలు కావాలి. ఈ లెక్కన ఏడాదికి మన అస్థిపంజరంలో ఇంచుమించు పదోవంతు కొత్తదవుతుంది. అంటే నేను ఉద్యోగంలో చేరిననాడు ఉన్న ఎముకలు నేను పదవీ విరమణ చేసిననాటికి నాలో లేవు. వ్యాకరణం చెప్పుకున్నవాడికి ఇది ఆదేశసంధిలా తోస్తుంది: ఉన్న అక్షరం తొలగాలి, సరిగ్గా ఆ స్థానంలోనే మరొకటి వచ్చి కూర్చోవాలి.

ఇంతకూ ఈ పని ఎంత నెమ్మదిగా జరిగితే అంత మంచిది. 1986 ఆగస్టు వరదను చూసిన మా తరంవారికి ఒండ్రుకూ ఇసుక మేటకూ భేదం చెప్పనక్కరలేదు. మామూలు వరద పలుచటి పొరగా ఒండ్రు పరిచిపోతుంది, అందులో ఏ విత్తు వేసినా మొలుస్తుంది. మహోగ్రంగా వచ్చిన వరద మాత్రం పొలంమీద నడుమెత్తు ఇసుక దిబ్బ పోసి పోతుంది. నేల పెరిగినట్టే కనిపిస్తుంది గాని పనికిరాదు. నా కుడి మోకాలి కింది ఎముకలో జరిగినది ఈ రెండోది.

మొదట దాన్ని కనిపెట్టినవాడు వైద్యుడు కాదు, దర్జీ. ఇన్నీసుపేటలో చిన్న కొట్టు పెట్టుకున్న నా పాత విద్యార్థి. 2021 వేసవిలో మా మేనకోడలి పెళ్ళికి ప్యాంటు కుట్టించుకోబోతే, కొలతలు రెండుసార్లు తీసి, టేపు మెడలో వేసుకుని, కాసేపు నా కాళ్ళకేసి చూశాడు. "కోప్పడకండి మాస్టారూ, కుడికాలు అరంగుళం తక్కువొస్తందండి. ముందుకి విల్లులాగ వంగినట్టు కూడా ఉందండి" అన్నాడు. అప్పటికే ఆ కాలు రాత్రిళ్ళు నొప్పి పెడుతోంది. నడిస్తే వచ్చే నొప్పి వేరు. ఇది పడుకున్నాక కూడా పోని లోతైన సలుపు. మోకాలి కింద ముందువైపు చెయ్యి వేస్తే జ్వరం వచ్చినవాడి నుదురులా వెచ్చగా ఉండేది. ఎడమకాలు చల్లగా ఉండేది. రోజూ కోటిలింగాల రేవునుంచి పుష్కరాల రేవుదాకా గట్టుమీద నడిచే అలవాటు నాది. ఆ నడకలో కలిసే పెద్దలందరూ వాతమన్నారు. వాతమనే మాటకు మన ఊళ్ళలో ఉన్నన్ని అర్థాలు అమరకోశంలో ఏ శబ్దానికీ ఉండవేమో! మహానారాయణ తైలం మూడు సీసాలు అయిపోయాయి.

2022 మార్చిలో ఏదో సాధారణ పరీక్షకని రక్తం ఇస్తే, కాగితం మీద ఒక అంకె నల్లటి అక్షరాలలో వచ్చింది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్: 612. పక్కనే అచ్చువేసి ఉన్న గరిష్ఠ పరిమితి 130.

ఈ అంకెను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అన్నది ఒక ఎంజైము. మన శరీరంలో ఇది ముఖ్యంగా రెండుచోట్లనుంచి రక్తంలోకి వస్తుంది. ఒకటి కాలేయం, పిత్తనాళాలు. రెండోది ఎముక, అందులోనూ మేట వేసే కణాలు. కాబట్టి ఈ అంకె పెరిగిందంటే కాలేయం గొడవైనా కావచ్చు, ఎముక గొడవైనా కావచ్చు. ఎదిగే పిల్లలలో అయితే ఏ గొడవా లేకుండానే ఎక్కువగా ఉంటుంది, వారి ఎముక పెరుగుతోంది కనుక. ఏది మూలమో తేల్చడానికి జీజీటీ అనే మరో పరీక్ష ఉంది. అది కూడా పెరిగితే కాలేయం వైపు, పెరగకపోతే ఎముక వైపు చూడాలి. నాకు ముందు కడుపు స్కానింగు తీశారు. కాలేయం నిర్మలంగా ఉంది. నేను మద్యం ముట్టనివాణ్ణని మా ఆవిడ ప్రమాణం చేయవలసివచ్చింది.

ఇక్కడ మన గోదావరి జిల్లాలవారు గర్వించదగిన ముచ్చట ఒకటుంది. పాతరోజులలో ఈ ఫాస్ఫటేజును కొలవడానికి, అది ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని ఎంత విరగ్గొడుతుందో, ఎంత ఫాస్ఫేటును విడుదల చేస్తుందో చూసేవారు. రక్తంలో ఫాస్ఫరసును రంగు సాయంతో కొలిచే పద్ధతికి 1925లో పేరు పడింది, ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, మా రాజమహేంద్రవరంలో కొంత బడిచదువు సాగించి, అయినవారి మరణాలతో చదువు దెబ్బతిని, మద్రాసులో మూడో ప్రయత్నానికి మెట్రిక్యులేషను గట్టెక్కిన మన యల్లాప్రగడ సుబ్బారావే. పరీక్ష తప్పిన పిల్లల తల్లిదండ్రులకు నేనీ కథ ఎన్నిసార్లు చెప్పానో! ఆయన పద్ధతి వచ్చిన నాలుగేళ్ళకు, 1929లో, కే అనే శాస్త్రజ్ఞుడు ఎముకల జబ్బులలో రక్తంలోని ఫాస్ఫటేజ్ పెరుగుతుందని ప్రకటించాడు. అందులో నా జబ్బు ముందువరుసలో ఉంది. అయితే 2022 మార్చిలో ఆ సంగతి మాకు తెలియదు.

కాలికీ నడుముకూ ఎక్స్-రేలు తీశారు. కుడికాలి ఎముక, పాఠ్యపుస్తకం వారు అంతర్జంఘిక అంటారు, మందంగా తెల్లగా ఉంది. కటి ఎముకలో ఎడమ సగం కూడా తెల్లగా ఉంది. ఫిల్మును దీపపు పెట్టె మీద పెట్టి చూసిన పెద్దవైద్యులొకరు, పేరెందుకు, నా వయసు అడిగారు, మూత్రం సాఫీగా వస్తోందా అని అడిగారు, ఆపైన మా అబ్బాయిని పక్కకు పిలిచారు. పక్కకు పిలవడమంటే ఏమిటో ఈ దేశంలో ప్రతి ముసలివాడికీ తెలుసు. ప్రోస్టేటు గ్రంథిలో పుట్టిన కాన్సరు ఎముకలకు పాకితే ఇలాగే తెల్లటి మచ్చలు వస్తాయట. ఫాస్ఫటేజ్ కూడా ఇలాగే పెరుగుతుందట. అనుమానించడంలో ఆయన తప్పేమీ లేదు. మగవాడు, అరవై దాటినవాడు, ఎముకలో తెల్లమచ్చ: ముందుగా వెతకవలసినది దాన్నే. నా బాధల్లా వెతకడం పూర్తికాక ముందే మా ఇంట్లో దీపాలు సన్నగిల్లడం. పీఎస్ఏ పరీక్ష ఫలితానికి నాలుగు రోజులు, విశాఖలో ఎముకల స్కానుకు తేదీ దొరకడానికి మరో ఏడు రోజులు. ఆ పదకొండు రోజులూ మా ఆవిడ కూరలో ఉప్పు వెయ్యడం మరచిపోయింది. నేనూ మా అబ్బాయీ ఆ మాట అనలేదు. బీరువాలోని బాండ్ల కాగితాలు, పింఛను పుస్తకం ఒకచోట చేర్చి, ఏది ఎక్కడుందో ఒక చీటీ రాసి పెట్టాను.

పీఎస్ఏ మామూలుగా వచ్చింది. ఎముకల స్కానంటే టెక్నీషియం అనే పదార్థాన్ని కొద్దిగా నరంలోకి ఎక్కించి, మూడు గంటల తరువాత బొమ్మ తీస్తారు. ఎక్కడ మేట జోరుగా పడుతోందో అక్కడ బొమ్మ నల్లగా వెలుగుతుంది. నల్లగా వెలగడమేమిటని అడగకండి, అక్కడ అలాగే ఉంటుంది. నా బొమ్మలో రెండే చోట్లు: కుడికాలి ఎముక మోకాలి దగ్గరనుంచి ముప్పాతిక పొడవున, కటిలో ఎడమ సగం. మిగిలినదంతా నిశ్శబ్దం.

ఇప్పుడు రెండో అనుమానం బయలుదేరింది. దానికి కారణం నా పళ్ళు. మా నాన్నగారు తపాలాశాఖలో ఉండేవారు. నా మూడో ఏటినుంచి పదో ఏటిదాకా మేము కనిగిరి దాపున ఉన్నాం. అప్పటికది నెల్లూరు జిల్లా. అక్కడి బావినీళ్ళ గురుతు నా ముందరి పళ్ళమీద గోధుమరంగు చారలుగా ఇప్పటికీ ఉంది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతపు నీళ్ళలోని ఫ్లోరైడువల్ల ఎముకలు గట్టిపడి వంగిపోతున్నాయని షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన వైద్యులు 1937లో ప్రకటించారు. మనదేశంలో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రీయంగా మొదట నమోదు చేసినది ఆ నేలమీదే. తరువాత నల్లగొండ పేరు మోగింది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటినుంచి ఫ్లోరైడును తొలగించే విధానాన్ని నాగపూరులోని నీరీ సంస్థ రూపొందిస్తే దానికి 'నల్లగొండ విధానం' అనే పేరే స్థిరపడింది. ఒక జిల్లా పేరు మందుకు పెట్టారంటే ఆ జిల్లా ఎంత బాధపడిందో అర్థం చేసుకోవచ్చు. కనిగిరిలో నాతో గోళీలాడిన ఒకడు నలభై ఐదేళ్ళకే మెడ తిప్పలేక, తిరగాలంటే మొత్తం మనిషి తిరగవలసివచ్చిన స్థితిలో నాకు ఒక పెళ్ళిలో కనిపించాడు. నా పళ్ళు చూసిన మరో వైద్యుడు ఫ్లోరోసిస్ అన్నాడంటే అది నిరాధారం కాదు.

చివరకు మా అమ్మాయి హైదరాబాదులో ఒక ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి, అంటే హార్మోనుల వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయింది. నలభై ఏళ్ళుంటాయేమో ఆమెకు. కాగితాలన్నీ తిరగేసి, "మాస్టారూ, ముంజేతులకు ఎక్స్-రే తీయించారా?" అని అడిగింది. కాలు నొప్పి అని వచ్చినవాడికి ముంజేతులెందుకని మా అమ్మాయి ముఖం చూసింది. ముంజేతిలో రెండు ఎముకల నడుమ ఒక పలుచటి పొర ఉంటుంది. ఫ్లోరోసిస్ అయితే ఆ పొరకూడా సున్నం పట్టి ఎక్స్-రేలో గీతలా కనిపిస్తుందట. నా ముంజేతులు శుభ్రంగా ఉన్నాయి. "ఫ్లోరైడు పక్షపాతం చూపించదండీ. వెన్ను, కటి, పక్కటెముకలు అన్నిటినీ పట్టుకుంటుంది. మీ జబ్బు కుడికాలిని పట్టుకుని ఎడమకాలిని వదిలేసింది. కటిలో కూడా సగమే. ఇలా ఏరుకుని పట్టేది వేరే ఉంది" అంటూ నా కాలి ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూపించింది. తెల్లబారిన భాగం కింద ఆరోగ్యంగా ఉన్న భాగంలోకి ఒక కోసుగా, గడ్డిపరక మొనలా దిగుతోంది. ఆ మొనకు ఇవతల ఒక ఎముక, అవతల ఇంకో ఎముక అన్నట్టుగా ఉంది. ముక్క తీసి పరీక్షించవలసిన అవసరం కూడా లేదని, ఇది పాజెట్ వ్యాధి అని చెప్పింది.

ఆ పేరు వినగానే మా అమ్మాయి ఫోనులో వెతికి కంగారుపడింది, రొమ్ము కాన్సరు అని వస్తోందని. సర్ జేమ్స్ పాజెట్ అనే ఆ ఆంగ్ల శస్త్రవైద్యుడి పేరుమీద ఒకటికంటే ఎక్కువ జబ్బులున్నాయి. నానార్థాల పట్టికలో ఒకే శబ్దం ఉన్నట్టే. ఎముకది వేరు, రొమ్ముది వేరు. ఒకదానికొకటి చుట్టరికం లేదు. ఎవరైనా వెతకబోతే 'ఎముకల పాజెట్' అని వెతకండి.

పాజెట్ లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో పనిచేశాడు. 1876లో ఒక వైద్యసభలో చదివి, 1877లో అచ్చువేసిన వ్యాసంలో ఒక రోగిని ఆయన ఇరవై ఏళ్ళపాటు గమనించిన తీరు రాశాడు. నలభై ఆరో ఏట ఆ పెద్దమనిషికి కాళ్ళలో నొప్పి మొదలైంది. కాలు వంగింది, వెన్ను వంగింది, తల పెరుగుతూ పోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ పెద్ద టోపీలు కుట్టించుకోవలసివచ్చింది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. చివరకు ముంజేతి ఎముకలో పుట్టిన కాన్సరుతో పోయాడు. ఇది ఎముకకు వచ్చిన వాపు, శోథ అని పాజెట్ భావించి ఆ అర్థంలోనే పేరు పెట్టాడు. శోథ కాదని తరువాత తేలింది. టోపీలవాడు అక్కడ, దర్జీ ఇక్కడ! మనిషి కొలతలు వైద్యుడికన్నా ముందు వీళ్ళకే తెలుస్తాయి.

అసలు దోషం కోత కణాలలో ఉంది. మామూలుగా ఒక్కో కోత కణంలో కొన్ని కేంద్రకాలుంటాయి. ఈ జబ్బులో అవి పెనుబలంగా పెరిగి వందదాకా కేంద్రకాలతో ఎముకను ఇష్టారాజ్యంగా తవ్వుతాయి. తవ్విన గుంటలు పూడ్చడానికి మేట కణాలు పరుగున వస్తాయి. వాటికి తీరుబడి లేదు. పొరలు పేర్చవలసినచోట నారపీచు విసిరేసినట్టు అడ్డదిడ్డంగా ఎముకను నింపుతాయి. ఎముక లావెక్కుతుంది, తెల్లగా కనిపిస్తుంది, కాని బరువు మోస్తే వంగుతుంది, పగలవచ్చు కూడా. ఆ పని జరిగేచోటికి రక్తం ఎక్కువగా పోతుంది కనుకనే నా కాలు వెచ్చగా ఉండేది. ఆ మేట కణాల తొందరే కాగితం మీద 612 అయింది. పుర్రెకు వస్తే చెవుడు రావచ్చు, వెన్నుకు వస్తే నరాలు నొక్కుకోవచ్చు. నూటికి ఒకరికంటే తక్కువమందిలో కాన్సరుగా మారవచ్చు. ఎందరికో అసలు ఏ బాధా ఉండదు. వేరే పనికి తీసిన ఎక్స్-రేలో బయటపడి అందరినీ హడలగొడుతుంది.

ఎందుకు వస్తుందో పూర్తిగా తేలలేదు. కొన్ని కుటుంబాలలో తరతరాలుగా వస్తుంది. దానికి కారణమైన ఒక జన్యువును 2002లో గుర్తించారు. ఉత్తర ఇంగ్లండులోని లాంకషైర్ పట్టణాలలో ఇది మిగతాచోట్లకంటే బాగా ఎక్కువని 1980లో అచ్చయిన పరిశీలనలో తేలింది. చిత్రమేమంటే, ఇప్పుడు బ్రిటనులోనూ న్యూజిలాండులోనూ కూడా తగ్గుముఖం పట్టింది. మనవైపు అరుదు. వెల్లూరు, చెన్నై, ముంబయి వంటి చోట్లనుంచి రోగుల వివరాలు వైద్యపత్రికలలో వచ్చాయి. అరుదైన జబ్బుకు ఉన్న పెద్ద చిక్కు ఇదే: పేరు తట్టదు. ఆ వైద్యురాలు నన్నడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా కాలు వంకర ఉండేదా అని. మా పెదనాన్నగారు ముదిమిలో చేతికర్ర పట్టుకుని పక్కకు ఒరిగి నడిచేవారు, చెవులు బొత్తిగా వినపడేవి కావు. ముసలితనమనుకున్నాం. ఆయన 1994లో పోయారు. ఆయన ఎముకలు కూడా గోదావరిలోనే కలిశాయి కనుక ఇక అడగడానికేమీ లేదు.

చికిత్స కథ చిన్నది. 1970ల ప్రాంతంలో సాల్మన్ చేపనుంచి తీసిన కాల్సిటోనిన్ అనే హార్మోనును సూదిమందుగా నెలల తరబడి ఇచ్చేవారట. ఆ కాలంలోనే బిస్ఫాస్ఫొనేటులు వచ్చాయి. నీటిగొట్టాలలో సున్నపు పెచ్చు కట్టకుండా వాడే రసాయనాల చుట్టాలివి. వీటికి ఎముకతో ఉన్న సంబంధాన్ని 1960లలో స్విట్జర్లాండులో హెర్బర్ట్ ఫ్లైష్ అనే ఆయన బృందం పసిగట్టింది. మందు ఎముకలోని సున్నానికి అంటుకుని కూర్చుంటుంది. ఎముకను తవ్వవచ్చిన కోత కణం దాన్నికూడా మింగి చతికిలబడుతుంది. దురాశకు తగిన శాస్తి! వీటిలో బలమైనది జోలెడ్రోనిక్ ఆమ్లం. 2005లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, దీన్ని ఒక్కసారి నరంలోకి పావుగంట ఎక్కించినవారిలో ఆరునెలలకు 96 శాతం మందికి గుణం కనిపించింది. రైసిడ్రోనేట్ మాత్ర రెండు నెలలు రోజూ మింగినవారిలో 74 శాతానికి.

అయితే వెంటనే ఎక్కించలేదు. ముందు విటమిన్-డి చూశారు. గోదావరి గట్టుమీద ఎండలో తిరిగే నాకు కూడా అది తక్కువే ఉంది. అది సరిచేయకుండా ఈ మందిస్తే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి తిమ్మిర్లు, కొంకర్లు వస్తాయట. ఎనిమిది వారాలు వారానికొక పొడి పాలలో కలుపుకుని తాగాను. మూత్రపిండాల పరీక్ష చేశారు. పుచ్చిపోయిన దవడపన్ను ముందే పీకించుకు రమ్మన్నారు, మందు పడ్డాక పీకితే అరుదుగా దవడ ఎముక మానకుండా పోతుందని. 2022 సెప్టెంబరులో, మా ఊళ్ళోనే, వంద మిల్లీలీటర్ల సీసాలో అయిదు మిల్లీగ్రాముల మందు. నా వయసుకు నెమ్మదిగా పోనిద్దామని అరగంట చేశారు. ఆ రాత్రి నూట రెండు జ్వరం, ఒళ్ళంతా కొట్టి పడేసినట్టు నొప్పులు. ముందే చెప్పి ఉన్నారు కనుక భయపడలేదు. పారాసెటమాల్ వేసుకుని, మజ్జిగ తాగి రెండురోజులు పడుకున్నాను. దాని ఖరీదు నా పింఛనులో చిన్నపాటి భాగం. అంతకుముందు అనుమానాలు తీర్చుకోవడానికి అయిన ఖర్చు దానికి ఎన్నోరెట్లు.

దీపావళి వెళ్ళిన రెండు వారాలకు ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి, రాత్రంతా నిద్రపోయానన్న సంగతి గ్రహించాను. కాలు తడిమి చూసుకుంటే రెండో కాలంత చల్లగా ఉంది. డిసెంబరులో 164, మరుసటి మార్చికి 92. ఆ కాగితాన్ని మా ఆవిడ దేవుడి గదిలో పెట్టింది.

తగ్గనివీ ఉన్నాయి. వంగిన కాలు నిటారు కాలేదు, కాదు కూడా. అరంగుళం లోటుకు చెప్పుల కుట్టేవాడు కుడి జోడు అడుగున ఒక తోలుపెచ్చు వేశాడు. మోకాలి కీలు అరిగిన మేరకు అరిగింది. పడిపోకుండా చూసుకోవాలి. నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, గడ్డలా ఏదైనా తగిలినా వెంటనే రమ్మన్నారు. ఏటా ఒకసారి రక్తపరీక్ష. పోయిన పరీక్షలో 104. అంకె కాస్త పైకి జరిగిందని నేను మళ్ళీ సీసా ఎక్కించమని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. నొప్పి లేకుండా, అంకెను పట్టుకుని పదేపదే మందివ్వడంవల్ల అదనపు మేలేమీ లేదని 2010లో వెలువడిన ఒక బ్రిటిషు పరిశోధన తేల్చిందట. "మీ కాలు ఏమంటోందో చెప్పండి మాస్టారూ, కాగితం సంగతి నేను చూసుకుంటాను" అంది. వైద్యులలో ఇంత బాగా వాక్యం కట్టేవారు తక్కువ.

గట్టుమీది మిత్రులు ఇప్పటికీ నా ఎముకలు గుల్లబారాయనే అనుకుంటారు, వారిలో ఒకరి అత్తగారికి కూడా ఇదే మందు ఏడాదికొకసారి ఇస్తున్నారు కనుక. మందు ఒకటే, జబ్బు వేరు. ఆవిడకు ఒళ్ళంతటా కోతకు తగ్గ మేట పడటం లేదు. నాకు రెండుచోట్ల మేట ఎక్కువై కూర్చుంది. కోతను ఆపితే ఇద్దరికీ మేలే. మా తమ్ముడికి అరవై నిండాయని ఆ వైద్యురాలి సలహామీద ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటీ చేయించాం. 78 వచ్చింది. వాడు ఆ రోజు ఫోనులో మాట్లాడిన తీరును బట్టి, ఎన్ని రోజులుగా నిద్రపోలేదో తెలిసింది.

ఇక మిగిలినది పండితుడి చాపల్యం. ఈ జబ్బుకు తెలుగు పేరు ఒకటి కావాలి. 'అస్థిశోథ' అంటే పాజెట్ పొరపాటును మనం అనువదించినట్టవుతుంది. 'త్వరితాస్థి' అని సంస్కృతంలో కట్టి చూశాను, 'తొందరెముక' అని అచ్చతెనుగులో కట్టి చూశాను. రెండూ మా ఆవిడకు వినిపించాను. కూరలు తరుగుతున్నది తల ఎత్తకుండానే "పాజెట్టే బాగుందండీ, పిలవడానికి తేలిగ్గా ఉంది" అంది. మీలో పదనిర్మాణంలో ఆరితేరినవారు ఇంతకంటే మంచిది చెబితే ఆమెకు చూపిస్తాను.